పింగళి వారిలో ఏముంది?

పింగళి అనగానే ఎవరు గుర్తుకొస్తారన్నది వినేవారిని బట్టి ఉంటుంది. ప్రబంధాలు చదివినవారికి ‘కళాపూర్ణోదయం’ రాసిన సూరన, ఆగస్టు పదిహేనున బడిలో నిలబడ్డ పిల్లలకు జెండా వెంకయ్య, ‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూసినా తనివి తీరనివారికి నాగేంద్రరావు, ఎం.ఏ. తెలుగు పరీక్షకు కూర్చున్నవారికి ‘ఆంధ్ర సాహిత్య చరిత్ర’ లక్ష్మీకాంతం. రెడ్డి, నాయుడు, శర్మల్లా ఊరూరా వినపడే మాట కాదిది. మన ఊళ్ళో పింగళి వారు ఎన్ని ఇళ్ళు అంటే చాలా ఊళ్ళలో ఒక్కటీ ఉండదు. అంత అరుదైన ఇంటిపేరులోంచి ఇంతమంది ప్రసిద్ధులు ఎలా వచ్చారన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి సిద్ధంగా ఉండే జవాబు కూడా ఒకటి ఉంది: ఆ వంశంలోనే ఏదో ఉంది, సరస్వతి ఆ ఇంట కాపురముంది అని. సన్మాన సభల్లో ఈ మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. పరిశీలిస్తే మాత్రం నిలవదు. ఈ పింగళి వారిని కలిపిన బలమైన దారం రక్తం కాదనీ, చదువు దొరికిన ఇళ్ళూ ఒక ఊరూ ఒక కాలమూ అనీ నా వాదం. ఇంటిపేరు ఆ ఊరికీ ఆ కాలానికీ తగిలించిన చీటీ వంటిది.

మొదట సూరన సంగతి. పదహారో శతాబ్దపు కవి. అష్టదిగ్గజాల్లో ఒకడని లోకం అంటుంది గానీ, ఆ లెక్కను సందేహించిన పండితులు చాలామందే ఉన్నారు. కళాపూర్ణోదయాన్ని ఆయన అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు, ‘రాఘవపాండవీయా’న్ని ఆకువీటి పెదవేంకటాద్రికి. కృష్ణదేవరాయల కొలువుకూ ఈ అంకితాలకూ పొత్తు కుదరదు. కొలువు ఏదైతేనేం, ఆయన చేసిన పని మాత్రం అపురూపం. రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని ఒక రకంగా విడదీస్తే రామాయణం, మరో రకంగా విడదీస్తే భారతం. కావ్యం మొత్తం అలాగే నడుస్తుంది. కళాపూర్ణోదయం ఇంకా చిత్రం. పురాణం నుంచి కథ తీసుకుని పెంచడం ఆనవాయితీగా ఉన్న రోజుల్లో ఆయన సొంతంగా కథ అల్లాడు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథే భూమ్మీద జరిగి తీరడం, ఇంకా మాటలు రావలసిన వయసులో ఉన్న పసిపాప పూర్వకథను విప్పడం, ముందు జరిగింది వెనక తెలియడం, ఇలా మెలికలు తిరిగే ఇతివృత్తం అది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కల్పనాశక్తినే ఎత్తి చూపి, తెలుగు విమర్శకు కొత్త దారి తెరిచారు. ఇటీవలి కాలంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇద్దరూ కలిసి దీన్ని ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళారు.

సూరన తన వంశం గురించి చెప్పుకున్నది ఈ చర్చకు పనికొస్తుంది. పూర్వీకుడైన గోంకన పేకి అనే రక్కసి చేత ఇంట్లో ఊడిగం చేయించుకున్నాడన్న ఐతిహ్యం ఆ కుటుంబంలో ఉంది. కవులు కృత్యాదిలో వంశాన్ని ఇలా ఎత్తుకోవడం రివాజు. రక్కసి కథను పక్కన పెట్టినా, ఆ వంశవర్ణనలో నమ్మదగ్గ చరిత్ర ఒకటి మిగులుతుంది: పేర్ల చివరి ‘అమాత్య’. సూరన తండ్రి అమరనామాత్యుడు. ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ ఆయనకే అంకితం. అమాత్యులంటే రాజుల దగ్గర, దుర్గాధిపతుల దగ్గర లెక్కలు చూసే, లేఖలు రాసే నియోగి కుటుంబాలవారు. అక్షరం వారికి కూడు పెట్టే సాధనం. ఇంట్లో తాటాకు పుస్తకం ఉండటం, సంస్కృతం చెప్పే తండ్రో మామో ఉండటం, రాజాస్థానంలోకి వెళ్ళే తలుపు కాస్త తెరిచి ఉండటం, ఇవన్నీ ఆ కుటుంబాలకు దక్కిన సౌకర్యాలు. అదే కాలంలో నాగలి పట్టిన ఇంట్లో అంతటి కల్పనాశక్తి ఉన్నవాడు పుట్టి ఉండవచ్చు. అతని కల్పన జానపద కథగా మారి, పేరు లేకుండా మనదాకా వచ్చి ఉంటుంది. ఇంటిపేరు చెప్పుకునే అవకాశం కూడా అందరికీ దక్కలేదు.

ఇప్పుడు వంశం వాదాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. సూరనకూ 1901లో పుట్టిన పింగళి నాగేంద్రరావుకూ మధ్య దాదాపు 350 ఏళ్ళు. తరానికి 25 ఏళ్ళు వేసుకుంటే 14 తరాలు. ఎవరికైనా అమ్మానాన్నలు ఇద్దరు, తాతలూ అమ్మమ్మా నానమ్మలూ కలిపి నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనిమిది మంది. ఇలా రెట్టిస్తూ 14 తరాలు వెనక్కి వెళ్తే 16,384 స్థానాలు వస్తాయి. ఇంటిపేరు వీటిలో ఒకే ఒక గీత వెంట, తండ్రికి తండ్రి, ఆయనకు తండ్రి అంటూ వస్తుంది. సూరన నేరుగా ఆ గీత మీద ఉన్నాడనే అనుకున్నా, పదహారు వేల పైచిలుకు పాళ్ళలో ఆయనది ఒక పాలు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి అన్ని స్థానాల్లోనూ వేర్వేరు మనుషులు ఉండరు, అసలు సంఖ్య బాగా తగ్గుతుందని ఎవరైనా అనవచ్చు. నిజమే, తగ్గుతుంది. కానీ మేనరికంలో పదే పదే తిరిగి వచ్చేవాటిలో మేనమామల రక్తం, అంటే మరో ఇంటిపేరు వారిది కూడా ఉంటుంది. కాబట్టి మేనరికాన్ని లెక్కలోకి తీసుకున్నా, వాటా అంతా పింగళి అన్న పేరుకే దక్కదు. సూరన కథలు అల్లాడు, నాగేంద్రరావు మాటలు పుట్టించారు, అది ఆ నెత్తురులోనే ఉందనడం అందమైన ఊహ. ఆ ఊహను లెక్క సమర్థించదు.

అయితే వీరిని కలిపింది ఏమిటి? ఇక్కడే మచిలీపట్నం, అంటే జనం నోట్లో బందరు, కథలోకి వస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ ఊళ్ళో ఉన్నన్ని వెలుగులు తెలుగునాట మరి కొన్ని ఊళ్ళలోనే ఉన్నాయి. క్రైస్తవ మిషనరీలు పెట్టిన నోబుల్ కళాశాల అప్పటికే పాతది. 1902లో ‘కృష్ణాపత్రిక’ మొదలైంది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగువారి రాజకీయానికీ సాహిత్యానికీ గొంతు అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. గుమాస్తా ఉద్యోగాల చదువు కాకుండా చేతిపనులూ, యంత్రాలూ, కళలూ, దేశభక్తీ కలగలిపి నేర్పాలన్నది దాని పట్టుదల. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది కూడా ఆ ఊళ్ళోనే. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అక్కడ తెలుగు పంతులుగా ఉన్న రోజుల్లో ఆయన తరగతి గది కవుల పుట్టిల్లు అయిపోయింది.

ముగ్గురు పింగళి వారూ ఈ వాతావరణంలోనే తిరిగారు. వెంకయ్య 1876లో దివి ప్రాంతంలోని భట్లపెనుమర్రులో పుట్టారు. బోయర్ యుద్ధానికి బ్రిటిష్ సైన్యంలో దక్షిణాఫ్రికా వెళ్ళి, గాంధీని అక్కడ కలిసి, తిరిగొచ్చాక పత్తి మీద పరిశోధన చేసి, బందరు జాతీయ కళాశాలలో కొన్నేళ్ళు పాఠం చెప్పారు. జాతీయ పతాకం ఎలా ఉండాలన్న విషయం మీద 1916లో 30 నమూనాలతో పుస్తకం వేశారు. నాగేంద్రరావు పుట్టింది ఉత్తరాంధ్రలోని రాజాంలో. బంధువులు దివి తాలూకాలో ఉండటంతో కుటుంబం బందరు చేరింది, ఆయన జాతీయ కళాశాలలో యంత్రవిద్య చదివారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. బెంగాలీ నేర్చి ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలను తెలుగు చేశారు. బందరు నాటక సమాజానికి నాటకాలు రాస్తూ రాస్తూ సినిమాలోకి వెళ్ళారు. లక్ష్మీకాంతం 1894లో కృష్ణా జిల్లాలోనే పుట్టి, బందరులో చదువుకుని, చెళ్ళపిళ్ళ వారి శిష్యులయ్యారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖను నడిపారు.

ఈ ముగ్గురినీ ఒక వరసలో చూస్తే పింగళి అనే మాట పెద్దగా కనిపిస్తుంది. పక్కకు జరిగి ఆ ఊరిని మొత్తంగా చూస్తే ఆ మాట చిన్నదైపోతుంది. చెళ్ళపిళ్ళ శిష్యుల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు, వేటూరి ప్రభాకరశాస్త్రి ఉన్నారు. జాతీయ కళాశాలకు అడివి బాపిరాజు అధ్యక్షత వహించారు. భోగరాజు, ముట్నూరి, కోపల్లె, విశ్వనాథ, కాటూరి, అడివి, అన్నీ వేర్వేరు ఇంటిపేర్లు. ఊరు ఒక్కటే, కాలం ఒక్కటే. ప్రతిభ ఇంటిపేరు వెంట నడిచేదైతే ఇంతమంది ఒక్క ఊళ్ళో గుమిగూడవలసిన పని లేదు. లక్ష్మీకాంతం విషయంలో మరో సాక్ష్యం కూడా ఉంది. ఆయన కవిగా ప్రసిద్ధికెక్కింది ఒంటరిగా కాదు, ‘పింగళి-కాటూరి’ అన్న జంటలో. అశ్వఘోషుడి సంస్కృత కావ్యం ఆధారంగా వచ్చిన ‘సౌందరనందం’ ఆ ఇద్దరిదీ. రెండు ఇంటిపేర్లను ఒక్క కవిగా చేసింది ఒక గురువు దగ్గరి చదువు, స్నేహం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. దివి తాలూకా బంధువుల మాట నువ్వే చెప్పావు కదా, అంటే ఆ పింగళి వారు ఒకరికొకరు దాయాదులే అయి ఉండవచ్చు కదా అని. అయి ఉండవచ్చు. అరుదైన ఇంటిపేరు ఉన్నవారు దగ్గర దగ్గర ఊళ్ళలో ఉంటే ఎక్కడో ఒకచోట ఒకే మూలపురుషుడు తగలడం వింత కాదు. కానీ చుట్టరికం ఉండటం వేరు, చుట్టరికం వల్ల ప్రతిభ రావడం వేరు. తెలుగు ఇంటిపేర్లలో చాలా భాగం ఊరిపేర్ల నుంచి పుట్టాయి, అందుకే ఒక ఇంటిపేరువారు ఒక ప్రాంతంలో చిక్కగా ఉండి, దూరం వెళ్ళినకొద్దీ పలచబడతారు. అలాంటప్పుడు ఇంటిపేరు ఒక్కటి కావడం, ఊరు ఒక్కటి కావడం విడివిడి విషయాలుగా మనకు దొరకవు. వంశం చేసిందనుకునే పనిలో ఎంత భాగం ఊరు చేసిందో తేల్చాలంటే, ఆ ఊళ్ళో వేరే ఇంటిపేరువారు ఏమయ్యారో చూడాలి. పైన చూసింది అదే.

ఇంకా బలమైన అభ్యంతరం తాళ్ళపాక వారిది. అన్నమాచార్యుడు, ఆయన భార్య ‘సుభద్రా కల్యాణం’ రాసిన తిమ్మక్క, కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనుమడు చిన్నన్న, అందరూ కవులే. ఇది వంశం కాకపోతే మరేమిటి? వంశమే, కాదనను. అయితే ఆ ఇంట్లో తరం నుంచి తరానికి ఏం చేతులు మారిందో చూడండి. తిరుమల ఆలయంలో సంకీర్తన సేవ, దానికి దక్కిన ఆదరణ, తండ్రి పాటలను కొడుకు రాగిరేకుల మీద చెక్కించగలిగిన సంపద, పుట్టినప్పటి నుంచీ చెవిన పడే పదం. ఇంట్లోనే బడి ఉంది, బడిలోనే కొలువు ఉంది. తిమ్మక్క ఆ ఇంటి ఆడపడుచు కాదు, కోడలు. ఆమె కూడా కవయిత్రి అయిందంటే, పంచుకున్నది నెత్తురు కాదని ఆ ఇల్లే చెబుతోంది. రెండు మూడు తరాల దగ్గరి చుట్టరికంలో శిక్షణ చేతులు మారుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రికి తమ్ముడి కొడుకు సినీకవి వేటూరి సుందరరామమూర్తి, అక్కడ కూడా ఈ మాట వర్తిస్తుంది. మూడున్నర శతాబ్దాల ఎడంలో ఉన్న ఇద్దరు పింగళి వారికి దాన్ని వర్తింపజేయలేం.

మరి ఈ భ్రమ ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుంది? ఇంటిపేరు అరుదు కావడమే దానికి కారణమని నాకనిపిస్తుంది. మన సొంత పేర్లు కొద్ది. తాత పేరు మనుమడికి పెట్టడం వల్ల వెంకయ్యలు, నాగేంద్రరావులు, లక్ష్మీకాంతాలు వేలల్లో ఉన్నారు. ఆ వేలల్లో ఒకరిని విడిగా చూపించే పని ఇంటిపేరు చేస్తుంది. అది అరుదైనదైతే మరీ బాగా చేస్తుంది. అందుకే విశ్వనాథ, వేటూరి, పింగళి అని ఒక్క మాటతో పిలిచి ఊరుకుంటాం. పదివేల ఇళ్ళలో ఉన్న పేరైతే ఆ పిలుపు కుదరదు. ఇలా అరుదైన పేరు మనసులో నాటుకుంటుంది, రెండోసారి వినగానే మొదటివాడు గుర్తుకొస్తాడు, మూడోసారికి వంశం తయారైపోతుంది. ఏ పేరూ తెచ్చుకోకుండా కరణీకం చేసుకుని, పొలం చూసుకుని పోయిన పింగళి వారు ఎందరో ఈ లెక్కలోకి రానే రారు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు’ అని సామెత చెప్పినవారికి ఈ సంగతి బాగానే తెలుసు.

వెంకయ్య జీవితంలోనే దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. ఆయన బతికి ఉన్నప్పుడు జనం ఆయన ఇంటిపేరును తీసి పక్కన పెట్టేశారు. పత్తి మీద పనిచేసినందుకు పత్తి వెంకయ్య, 1913లో బాపట్లలో జపనీస్ భాషలో ప్రసంగించినందుకు జపాన్ వెంకయ్య, వజ్రాల గనుల మీద పరిశోధించినందుకు డైమండ్ వెంకయ్య, చివరికి జెండా వెంకయ్య. పుట్టుకతో వచ్చిన పేరును తోసి, చేసిన పనితో నాలుగు పేర్లు పెట్టారు. వంశాన్ని కాకుండా పనిని చూసి పేరు పెట్టిన ఆ జనం మనకంటే సరిగ్గా ఆలోచించారు. 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో ఆయన ఇచ్చిన ఎరుపు ఆకుపచ్చ నమూనాకు గాంధీ సూచనతో తెలుపూ రాట్నమూ చేరాయి. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులను ఆమోదించింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచింది. ఆ చివరి రూపంలో మరికొందరి చెయ్యి కూడా ఉందన్న చర్చ ఉంది, అది వెంకయ్య పనిని చిన్నబుచ్చదు. 1963లో పేదరికంలోనే పోయారాయన. ఇంటిపేరుకు ఏదైనా మహిమ ఉంటే అది ఆయనకు కూడు పెట్టలేదు.

ఇంటిపేరు దాచేసే బంధుత్వాల సంగతి కూడా చూడాలి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పునాది వేసిన కొమర్రాజు లక్ష్మణరావు, పేర్లు చూస్తే ఒకరికొకరు ఏమీ కారు. నిజానికి స్వయానా అక్కాతమ్ముళ్ళు. పెళ్ళితో అక్క ఇంటిపేరు మారిపోయింది. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, శ్రీరంగం దత్తతతో వచ్చిన పేరు. పింగళి వారింట పుట్టి, మరో ఇంటిపేరుతో రాసిన, పాడిన, చదివిన ఆడపిల్లలు ఎందరో, వారి బిడ్డలెందరో. వారిని పింగళి వారి లెక్కలో ఎవరూ కలపరు. ఒకే రక్తం ఉన్నవారిని విడదీస్తూ, రక్తసంబంధం తేలనివారిని కలుపుతూ పోయే గుర్తును వంశ ప్రతిభకు కొలతగా పెట్టుకోవడం ఎంతవరకు సబబు?

ఇంటిపేర్లను పట్టించుకోవడమే దండగ అని దీనర్థం కాదు. చరిత్రకారుడికి అవి వలసల జాడ చెబుతాయి, వృత్తుల జాడ చెబుతాయి. సూరన పద్యాల్లోని ‘అమాత్య’ మనకు ఎంత చెప్పిందో చూశాం. పింగళి ఎల్లనార్యుడనే మరో కవి ‘తోభ్య చరిత్ర’ పేరుతో క్రైస్తవ ఇతివృత్తం మీద కావ్యం రాశాడు. ఒక నియోగి కవి కొత్త మతంలోకి వెళ్ళిన ప్రభువు కోసం ఘంటం పట్టడం ఆనాటి కవుల జీవనోపాధి గురించీ, పోషకులు మారుతున్న తీరు గురించీ చాలా చెబుతుంది. ఇంటిపేరును అలా చదివితే ఫలితం ఉంది.

ఇప్పుడు ఆ పేరు తెలుగునేల దాటిపోయింది, స్థానం కూడా మార్చుకుంది. ఆహార వ్యవసాయ సంస్థలోనూ గేట్స్ ఫౌండేషన్‌లోనూ పనిచేసి కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన వ్యవసాయ ఆర్థికవేత్త ప్రభు పింగళి, టెక్సస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చెప్పే కేశవ్ పింగళి, ‘చిట్టగాంగ్ విప్లవ వనితలు’ కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకుని సినిమా పాటలూ రాస్తున్న చైతన్య పింగళి. ముందుండవలసిన ఇంటిపేరు ముగ్గురికీ చివర చేరింది. ఒకరి పని పంటల ధరలతో, ఒకరిది కంపైలర్లతో, ఒకరిది పాటలతో. కేశవ్ పింగళి చదివింది కాన్పూర్ ఐఐటీలో, ఆ తర్వాత ఎంఐటీలో. ఆయనకు అవి బందరు.